పక్కన కూర్చునే మనిషి

మా స్టీల్ ప్లాంటు వాళ్లకి ఒక నమ్మకం ఉంది. లోకంలో ఏ రోగం వచ్చినా ప్లాంటు ఆస్పత్రి వాళ్లిచ్చిన మెడికల్ బుక్కు చూపిస్తే చాలని. నాన్న గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడే అందులో నా పేరు ఎక్కింది. తర్వాత నేనూ అక్కడే గుమాస్తాగా చేరాను. పెళ్లి మాట ఎత్తినవాళ్లనల్లా కసిరి కసిరి, చివరికి ఒంటరిగానే రిటైరయ్యాను. ఇప్పుడు మధురవాడలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను.

వియత్నాం టూరుకి పేర్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ట్రావెల్స్ ఆయన ఇన్సూరెన్సు తీసుకోమన్నాడు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి మెడికల్ బుక్కు తీసి ఆయన ముందు పెట్టాను. నా పక్కన నా స్నేహితురాలు ఉంది. పద్మనాభం ఊరి మనిషి, మా సెక్షన్‌లోనే పనిచేసింది, నన్ను వదినా అని పిలుస్తుంది.

"బతుకంతా ప్లాంటుకి సేసినాం. మాకు మళ్లీ ఇన్సూరెన్సు ఏటండి?" అంది.

"అది దేశం దాటితే పన్సెయ్యదు మేడమ్" అన్నాడాయన. పాపం, ఈయనకి ప్లాంటు సంగతి తెలియదని ఇద్దరం జాలిపడ్డాం.

వియత్నాంలో వాన పడుతుండగా పడవ దిగబోయి జారిపడ్డాను. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్‌కి నా రిటైర్మెంటు డబ్బులో మంచి ముక్కే పోయింది. ఆ ఏడుపు ఇక్కడ ఏడవను. డబ్బు పోతే తిట్టుకోవచ్చు, తిట్టుకుంటే కాస్త తేలికపడుతుంది కూడా.

తేలికపడనిది వేరే. టూరు బస్సు మర్నాడే బయల్దేరాలి. "ఎల్లమంటావేటి వదినా?" అని ఆమె మంచం దగ్గర నిలబడి అడిగింది. ఉండిపొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నాకేం, రాయిలా ఉన్నాను, నువ్వు వెళ్లు" అన్నాను. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మన దగ్గర అటెండెంటు లేకుండా ఎవరినీ ఆస్పత్రిలో చేర్చుకోరు. మంచం మీద ఒకరు, మంచం కింద చాప మీద ఇంకొకరు, క్యారియర్ పట్టుకుని మెట్ల మీద మరొకరు. వియత్నాం ఆస్పత్రిలో నర్సులు మంచివాళ్లే. నవ్వుతూ వచ్చి, నవ్వుతూ వెళ్లేవారు. కానీ దాహం అన్న మాటకి కూడా చేతులు తిప్పి చూపించాల్సి వచ్చేది. తెలుగు వినబడక నాలో నేనే గొణుక్కునేదాన్ని.

తెరకి అవతల కలకత్తావిడ ఒకామె, గుండె జబ్బుతో చేరింది. ఆమె ఇన్సూరెన్సు తీసుకుని వచ్చింది. ఆ కంపెనీ వాళ్లు రోజూ ఫోను చేసేవారు. డాక్టరుతో వాళ్లే మాట్లాడేవారు. ఇంకా చాలా రోజులు ఉండాలని తెలిశాక వాళ్ల ఖర్చుతోనే ఆమె చెల్లెల్ని రప్పించారు. ఆ చెల్లెలు వచ్చీ రాగానే సంచిలోంచి నూనె సీసా, దువ్వెన తీసి అక్కకి తల దువ్వింది. నా జుట్టు చూసి జాలిపడి నాకూ దువ్వింది. ఆ పరాయి చేతులు తల మీద పడేసరికి గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చాక నా స్నేహితురాలు చేపల పులుసు తెచ్చింది, చారు తెచ్చింది, నా ముఖం మాత్రం చూడలేకపోయింది. మెల్లగా రావడమే మానేసింది. పార్కులో నేను కనబడ్డవాళ్లందరికీ ఇన్సూరెన్సు గురించి చెబుతుంటే వాళ్లూ నన్ను చూసి దారి మళ్లుతున్నారు.

మొన్న శ్రీలంక టూరు ఉందంటే అదే ట్రావెల్స్‌కి వెళ్లి, టికెట్టు కన్నా ముందు ఇన్సూరెన్సు అడిగాను. ఆయన పాత సంగతి ఎత్తలేదు, అంతవరకు పెద్దమనిషే. ఓపిగ్గా అన్నీ చెప్పాడు.

"ఆస్పత్రిలో ఎక్కువ రోజులుంటే ఇంటికాడ్నించి ఒకర్ని రప్పిస్తారు మేడమ్. ఆళ్లకి పాస్‌పోర్టు ఉండాల. మీకెవరున్నారు?"

మామూలుగానే అడిగాడు. తమ్ముడు రాజమండ్రిలో ఉన్నాడు, పండక్కి ఫోను చేస్తాడు. అంతకు మించి నోటికి ఏ పేరూ రాలేదు. పాలసీ తీసుకుని బయటికొచ్చి, బైకులూ క్యాబులూ దూసుకుపోతున్న రోడ్డు పక్కన నిలబడి నా స్నేహితురాలికి ఫోను చేశాను. ఆయన అడిగింది అడిగినట్టే చెప్పాను.



"నా పాస్‌పోర్టు డేటు అయిపోయింది వదినా. రేపు పోయి మళ్లీ సేయించుకుంటాను."

"ఆ మోకాళ్ల నొప్పులతో ఎక్కడికి వెళ్తావే నువ్వు?"

"నానెక్కడికీ ఎల్లను. నువ్వు పడిపోతే వత్తాను. ఈపాలి నువ్వెల్లమన్నా ఎల్లను."