పసుపు చేతులతో జ్వరమొచ్చిందని

మొన్న ఇక్కడ కెనడాలోని సస్కటూన్‌లో, మా వంటింట్లో పసుపు ప్యాకెట్ కత్తిరించబోతే సగం నా చేతుల మీదే ఒలికింది. దోస్తులారా, మన నిజామాబాద్ వైపు బళ్లో సారు చేసే జ్వరం పరీక్ష యాదికుందా? పసుపు ఉడకబెట్టే రోజుల్లో బడి ఎగ్గొట్టి కళ్లంలో కొమ్ములు ఏరి, మర్నాడు జ్వరమొచ్చిందని చెప్పేవాళ్లం. సారు నుదురు ముట్టుకునేవారే కాదు.

"జరమా? ఏదీ, చేతులు చూపియ్యి!"

వెనక దాచుకున్నా లాభం లేదు. ఎంత తోమినా పోని ఆ రంగే మనల్ని పట్టిచ్చేది.

ఇక్కడ సాయంత్రం రైటింగ్ క్లాసులో చేరాను. మంచు గురించి రాసిన నా వ్యాసాన్ని "ఇది ఎవరైనా రాస్తారు" అని టీచర్ తిప్పి ఇచ్చేసింది. ఒళ్లు మండింది. మొన్న ఆ పసుపు చేతులతోనే కూర్చుని మన కళ్లం గురించి, సారు గురించి రాశాను. నిన్న చదివితే క్లాసంతా పగలబడి నవ్వింది. ఆవాలు పండించే ముసలి రైతు ఒకాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు!

ఇంటికొచ్చాక వ్యాసం చదివిన మా పదేళ్ల కూతురు, అచ్చం సారులాగే, "షో మీ యువర్ హ్యాండ్స్, అమ్మా!" అంది.

ఈసారి వెనక దాచుకోలేదు. రెండు చేతులూ చాచి చూపించాను.