విల్మా డ్రాబిక్ తలుపు

కార్‌మిల్ ఐస్ హాకీ రింకులో మా జట్టు పెనాల్టీ బాక్సు తలుపు తీసేదీ వేసేదీ విల్మా డ్రాబిక్. పంతొమ్మిదేళ్ళుగా ఆమే. జీతం లేదు. ఆటకొక కాఫీ, ఒక గిన్నె చిల్లీ అనే బీన్సు, మాంసం కూర, అంతే. ఆటలో తప్పు చేసిన కుర్రాడు వచ్చి లోపల రెండు నిమిషాలు కూర్చుంటాడు. అంతసేపూ జట్టు ఒకడు తక్కువగా ఆడాలి. గడియారం సున్నాకి రాగానే ఆమె తలుపు లాగుతుంది, వాడు మంచు మీదికి దూకుతాడు. ఒక్క సెకను ముందు తీసినా గొడవే, ఆలస్యమైనా గొడవే.

నేను ఆ పక్కనే అద్దానికి ఇవతల కూర్చుని స్కోరు కాగితం రాస్తాను. పదో తరగతిలోనే బడి మానేసినా చేతిరాత బాగుంటుందని నాకా పని ఇచ్చారు. అద్దంలో చెయ్యి పట్టేంత కంత ఉంది. విల్మా నాతో మాట్లాడేది అందులోంచే.

మిగతా రోజుల్లో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. భర్త పోయిన ఏడాదే బాక్సులోకి వచ్చింది. ఇంట్లో ఆదివారాలు గడవకే వచ్చిందని ఊళ్ళో అందరికీ తెలుసు. అడిగితే మాత్రం, "పైన బల్లల మీద చలి. ఇక్కడ హీటరుంది" అంటుంది. ఆ హీటరు పనిచేయగా నేనెప్పుడూ చూడలేదు.

మూడేళ్ళ కిందట బాక్సులో నేల ఒక పక్కకి కుంగింది. అప్పటినుంచి తలుపు కిందికి వాలి గడపకి పట్టేస్తోంది. దాన్ని తీయాలంటే ముందు తలుపు అడ్డపట్టీ కింద మోకాలు పెట్టి పైకి ఎత్తాలి, తరవాత లోపలికి లాగాలి. బాగు చేయించమని విల్మా కమిటీకి రెండు ఉత్తరాలు రాసింది. ప్రతి మీటింగులోనూ లేచి చెప్పింది. "వేసవిలో చూద్దాం" అన్నారు. మొదటి వేసవిలో తలుపుకి రంగు వేశారు. రెండో వేసవిలో దానిమీద ట్రాక్టర్ల కొట్టువాళ్ళ ప్రకటన అంటించారు. మూడో వేసవిలో అదీ లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆట హెస్లిన్ వాళ్ళతో. నలభై కిలోమీటర్ల అవతలి ఊరు, మా తాతల కాలంనుంచీ పడదు. గెలిచినవాళ్ళకి వచ్చేవారం చివరి పోటీలు, ప్లేఆఫ్‌లు, సొంతూళ్ళో మొదలవుతాయి. ఆటకి ముందు కమిటీ ప్రెసిడెంటు డేల్ నార్‌బెర్గ్ బాక్సు వెనక సందులోకి వచ్చాడు.

"విల్మా, ఈ సీజన్లో రెండుసార్లు తలుపు ఆలస్యంగా తీశావు. ఇవాళ ఇంకోసారి అయితే వచ్చేవారంనుంచి మా అల్లుణ్ణి పెడతాను. తప్పుగా అనుకోకు. అరవై మూడేళ్ళు వచ్చాయి. మోకాళ్ళు అవీ…"

"ఆ తలుపుని ఎత్తేది నా మోకాలే కదయ్యా."

"తలుపు సంగతి వేసవిలో చూద్దామన్నాంగా."

"ఏ వేసవిలో, డేల్? సంవత్సరం కూడా చెప్పు, రాసుకుంటాను."

అతను వెళ్ళిపోయాడు. విల్మా కాఫీ ముట్టుకోలేదు. గడపలో పేరుకున్న మంచుని వెన్న రాసే చాకుతో గీకుతూ కూర్చుంది.

ఆఖరిదైన మూడో పీరియడ్‌లో స్కోరు మూడు మూడు. మా ల్యాండన్ సిచ్ ఎవడి కాలికో కర్ర తగిలించి బాక్సులోకి వచ్చాడు. ఒకటో తరగతినుంచీ విల్మా బస్సులో తిరిగిన పిల్లాడే.

"నేనేం చేయలేదు, విల్మా ఆంటీ."

"నువ్వెప్పుడూ ఏమీ చేయవు. కూర్చో. సమయమైనప్పుడు తలుపుకి దూరంగా నిలబడు, అది లోపలికి తెరుచుకుంటుంది."

పది సెకన్లుండగానే వాడు లేచి తలుపుని అతుక్కుని నిలబడ్డాడు. విల్మా మోకాలు పెట్టింది.

"వెనక్కి జరగరా."

జనం అరుపుల్లో వాడికి వినపడలేదు. వాడి బరువంతా తలుపు మీదే ఉంది. గడియారం సున్నా అయింది. ఆమె లాగింది. రాలేదు. వాడు తలుపుని తన్నాడు, అది ఇంకా బిగుసుకుంది. ఎదురుగా ఎత్తైన అద్దం, పైనుంచి దూకే దారి లేదు. అవతల మావాళ్ళు ఇంకా నలుగురే ఆడుతున్నారు. తొమ్మిది సెకన్లు పోయాయి. హెస్లిన్ వాళ్ళు గోలు కొట్టేశారు.

"అవ్వా, తాళంచెవి ఇంట్లో మర్చిపోయావా?" అన్నాడు హెస్లిన్ వైపునుంచి ఒకడు. అటువైపంతా నవ్వారు. మావైపు నవ్వలేదు, అంతకన్నా ఘోరమైన మాటలన్నారు. వాళ్ళలో సగంమంది పిల్లల్ని రేపు పొద్దున బడికి తీసుకెళ్ళేది ఆమే.

ఆట ఆగాక విల్మా ల్యాండన్‌ని వెనక్కి జరిపి తలుపెత్తి పంపింది. డేల్ మెట్లు దిగి వచ్చాడు. "ఇక చాలు, లే విల్మా. మిగతా ఆట నేను చూసుకుంటాను."

ఆమె వాదించలేదు. కోటు తీసుకుని వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. తలుపు ఎలా తీయాలో డేల్‌కి చెప్పమని అడగాలనుకుని, గోలు సమయం రాసుకుంటూ ఉండిపోయాను.

ఆట ముగియడానికి నాలుగు నిమిషాలుండగా ల్యాండన్ తలుపుని భుజంతో నెట్టుకుని మళ్ళీ బాక్సులోకి వచ్చాడు. డేల్‌ని చూసి, "ఆంటీ ఏది?" అన్నాడు.

ఈసారి వాడు బుద్ధిగా వెనకే నిలబడ్డాడు. సున్నా అయింది. డేల్ గొళ్ళెం తీసి లాగాడు. రెండు చేతులతో లాగాడు. బూటుని గోడకి తన్నిపెట్టి లాగాడు.

"డేల్, ఇవాళే తీస్తావా, వేసవిలోనా?" అని మావైపునుంచే ఎవరో అన్నారు.

నేను విల్మా వంక చూశాను. కదలకుండా గడియారం చూస్తోంది. మూడు సెకన్లు. నాలుగు. ఆమె ఇలాగే కూర్చుంటే తప్పు ఎవరిదో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఐదు. మంచు మీద మా నలుగురూ ఆయాసంతో అటూ ఇటూ పరిగెడుతున్నారు.

"ఖర్మ" అని లేచింది. వెనకనుంచి బాక్సులోకి వెళ్ళి, డేల్‌ని మోచేత్తో పక్కకి నెట్టి, మోకాలు పెట్టి ఎత్తి లాగింది. తలుపు వచ్చేసింది. ల్యాండన్ దూసుకుపోయాడు. వాడి చివరి షాట్ గోలు కమ్మీకి తగిలి బయటికి పోయింది. నాలుగు మూడుతో ఓడిపోయాం.

జనం వెళ్ళిపోయాక కూడా డేల్ బాక్సులోనే ఉన్నాడు. తలుపు వేసి తీయబోయాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. ఇంకోసారి. చివరికి అన్నాడు, "మా అల్లుడికి నేర్పుతావా, ఇది?"

"నేర్పను."

అతను గొళ్ళెం వదిలేశాడు. "సరే. మన ఊళ్ళో ఆడినప్పుడు నువ్వే రా."

"నేనెక్కడికీ పోలేదు, డేల్. పంపింది నువ్వు. కింద కూర్చో."

"ఎందుకు?"

"తలుపు కింది మడతబందు ఎక్కడ ఊడిందో చూద్దువుగాని. మూడేళ్ళుగా చెప్తున్నాను, ఒక్కరూ వంగి చూడలేదు."

నేను కాగితం మీద సంతకం పెట్టి, కలానికి మూత పెట్టి, దీపాలార్పడానికి లేచాను. డేల్ నార్‌బెర్గ్ మోకాళ్ళ మీద కూర్చుని ఫోను వెలుగులో గడప చూస్తున్నాడు. విల్మా చల్లారిన చిల్లీ తింటూ చెంచాతో చూపిస్తోంది.

"అక్కడ కాదు. ఇంకా కిందికి. ఇంకా. ఆ, అదీ. ఇప్పుడు వేలు పెట్టు, నీకే తెలుస్తుంది."