పెద్దమ్మ వజ్రం చూసిన రోజు

మా పెదనాన్నను పేటలో అందరూ ‘ఒంటికన్నాయన’ అనేవారు. నిజానికి ఆయన కళ్లు రెండూ చక్కగానే ఉండేవి. భూతద్దంలో వజ్రాలు చూసీ చూసీ, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా ఒక కన్ను మూసేవాడు. పెళ్లిచూపుల్లోనూ అంతేనట. “కన్ను కొడుతున్నాడనుకుని ఒప్పేసుకున్నా” అని పెద్దమ్మ నవ్వేది.

ఆయన బతుకంతా వజ్రాలకు సానపట్టడమే అయినా, పెద్దమ్మ ఏనాడూ ఒక్క వజ్రాన్నీ చూసి ఎరగదు. బయటివాళ్లను కార్ఖానా గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అక్కణ్ణించి ఇంటికొచ్చేది ఆయన గోళ్ల సందుల్లోని నల్లటి జిడ్డొక్కటే.

అంతలో ఎక్కడెక్కడి దేశాల్లోనో జనం చేతులు ముడుచుకున్నారు, నగలు కొనడం మానేశారు. కార్ఖానాకు తాళం పడింది. పెదనాన్న ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వంటింటి కత్తికి సానపట్టాడు, కత్తెరకు పట్టాడు, చివరికి పక్కింటివాళ్ల పారను కూడా వదల్లేదు.

“ఇంక నా నాలుకొక్కటే మిగిలింది” అంది పెద్దమ్మ.

“దానికి అవసరం లేదులే” అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు గానీ, ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

కొన్నాళ్లకు ప్రభుత్వం కదిలింది. కార్ఖానాలు తెరిస్తే కొంతకాలం సగం జీతాలు తానే భరిస్తానంది. పనివాళ్లు చాలామంది అప్పటికే వేరే దారులు చూసుకున్నారు. ఆ ఖాళీల్లో మిగిలినవాళ్ల ఇంటివాళ్లకే పని నేర్పమంది.

“నీ చూపు మంచిది. రా” అన్నాడు పెదనాన్న.

“నేనా! సూదిలో దారం ఎక్కించడమూ ఇదీ ఒకటేనా?” అంటూనే వెళ్లింది.

ఆయన ముడిరాయిని ఆమె అరచేతిలో పెట్టాడు. మసకగా, పటిక ముక్కలా ఉంది.

“దీనికోసమేనా లోకమంతా ఎగబడేది?”

“తొందరపడకు.”

రాయిని పట్టుకారులో బిగించి, నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రానికి ఆనించాడు. చక్రం కీచుమంది. రాయి ఇసుమంతైనా అరగలేదు.

“చూశావా, ఇటునుంచి ససేమిరా అంటోంది. అది ఒప్పుకునే దిక్కు మనమే వెతుక్కోవాలి.” కాస్త తిప్పాడు. కీచుమన్న చక్రమే పట్టుబట్ట మీద చెయ్యి రాసినట్టు మెత్తగా పలికింది. పెద్దమ్మ ఒళ్లు గగుర్పొడిచింది.

సాయంత్రానికి రాయికి నున్నటి ముఖాలు కొన్ని తేలాయి. ఆయన రాయిని తుడిచి, భూతద్దం ఆమె కంటికి అందించాడు. లోపల కిటికీ ఉంది. కిటికీలో ఆకాశం ఉంది. ఎటు తిప్పితే అటు ఎర్రగా, నీలంగా వెలుగు విరిగిపడుతోంది. ఊపిరి వదిలితే ఎక్కడ చెదిరిపోతుందోనని పెద్దమ్మ బిగబట్టుకుంది.

“ఏమండీ, రోజూ దీన్ని చూసొచ్చి ఇంట్లో ఒక్క మాటైనా చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? మాటలు చాలితే గదా.”

ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

ప్రభుత్వ సాయం ఆగాక కొన్ని చక్రాలు మూలపడ్డాయి. పెద్దమ్మ చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. పెదనాన్న పక్క పీటే ఆమెది. ఇప్పటికీ పెద్ద రాయి ఏదైనా వస్తే, “ఒక్కసారి చూసిస్తానయ్యా” అని రాళ్లు పంచే మేస్త్రీని బతిమాలుతుంది. మేస్త్రీ గొణుక్కుంటూనే ఇస్తాడు.