రాయి వెనక మొండిది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరినో తిడుతుంటే, ఆఫీసు వాళ్లతో ఏమైనా గొడవేమోనని గోరుచిక్కుడు కాయల పళ్లెం చేతిలో పట్టుకునే వెళ్లి చూశాను. తీరా చూస్తే ఆమె తిడుతున్నది ఒక పశువును. తెరమీద రాళ్లు మోసే నాలుగు పశువుల్లో ఒకటి బండరాయి వెనక ఇరుక్కుని, ఎంత పిలిచినా రాకుండా ఉన్నచోటనే కాళ్లాడిస్తోంది. పాతికేళ్లు దాటిన పాత ఆటకు ఎవరో కొత్త రంగులు వేసి మళ్లీ అమ్ముతున్నారట, రంగులైతే వేశారు గానీ ఈ తప్పును సరిచేయలేదట, దీన్ని తీసేసి ఇంకోదాన్ని తెచ్చుకుంటానని చెప్పి మౌసు మీద వేలు పెట్టింది. తీసెయ్యకే, అది మొండిది, అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. మా అమ్మాయి తిరిగి చూసేసరికి నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను.

ఈ వయసులో కంప్యూటర్ ఆట గురించి రాతలేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం ఫికర్ లేదు. టీవీ అంత లావు మానిటర్ల ముందు కూర్చుని, మౌసులోని బంతిని తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంటూ పని నేర్చుకున్న నా తోటివాళ్లకు ఇది అర్థమవుతుందని నా నమ్మకం. డిగ్రీ అయ్యాక నేను ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సుకు ఇంటి దగ్గరే పత్రికలు కంపోజు చేసి ఇచ్చేదాన్ని. అందుకోసం బాపు, అంటే మా నాన్న, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చిపెట్టాడు, ఆ వదిలేసినవాళ్లు అందులో ఈ ఆటను కూడా వదిలేశారు. ముహూర్తాలు లేని నెలల్లో పని ఉండేది కాదు కనుక ఒకరోజు దాన్ని తెరిచాను, ఇక చూసుకోండి.

ఈటె పట్టిన ఒక ఆడమనిషి అందులో మన మనిషి. ఆమెను అడవులు తిప్పి, పనులు చేయించి, ఒక్కొక్క విద్యా నేర్పిస్తూ బలం పెంచుకోవాలి. అదొక్కటే అయితే పిల్లలాటే. వెనక ఆమె మనుషులుండే పాళెంలో కట్టెలు కొట్టించాలి, రాళ్లు తెప్పించాలి, ఇళ్లు కట్టించాలి, సిపాయిలను తయారు చేసుకోవాలి, అదంతా ఏకకాలంలో జరగాలి, ఎందుకంటే మనం తీరుబడిగా ఆలోచించుకునేదాకా అడవిలోని దయ్యాలు ఆగవు. ఆమె వెంట పోతే పాళెం తగలబడేది, పాళెం చూసుకుంటూ కూర్చుంటే అడవిలో ఆమె ప్రాణం పోయేది. అయిదో ఘట్టంలో నేను ఎన్నిసార్లు ఓడిపోయానో చెప్పుకోవడం సిగ్గుచేటు.

మాది గౌలిపురలో పాలవాళ్ల ఇల్లు. నాకు ఊహ తెలిసేనాటికి ఇంటి వెనక కొట్టంలో పన్నెండు బర్లు ఉండేవి, బడికి పోయేటప్పుడు నా బట్టలకు పేడవాసన ఉండేదని తోటిపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు, నేను వాళ్ల జడలు గుంజేదాన్ని. రానురాను గల్లీ ఇరుకైంది, నీళ్లకు కటకట వచ్చింది, పక్కింటివాళ్లకు కూడా ముక్కులు మొలిచాయి. బాపు ఊరి బయట జాగా చూసుకుని కొట్టాన్ని అక్కడికి మార్చాడు. కొత్త చోటికి అలవాటు పడలేని నాలుగు ముసలి బర్లను అమ్మేసి, వాటి బదులు కొత్తవి కొన్నాడు. ఆ నాలుగూ నాయనమ్మ దూడలప్పటి నుంచి తన చేతుల మీద పెంచినవి. వాటిని వ్యాన్ ఎక్కించిన రోజునుంచి ఆమె బాపుతో మాట మానేసింది. కొత్త కొట్టం చూద్దువు రమ్మని బాపు ఎన్నిసార్లు బతిమిలాడినా గడప దాటలేదు.

మాట మానితే మాననీ, అన్నం కూడా మానేసింది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. రెండు నెలల్లో గాజులు మోచేతిదాకా జారాయి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నాడు, జబ్బు లేకపోవడమే మా అమ్మకు ఎక్కువ భయమైంది. ఖాళీ అయిన కొట్టానికి బాపు సిమెంటు చేయించి, ట్యూబులైటూ ఫ్యానూ పెట్టించి, నా కంప్యూటర్ బల్ల అక్కడ వేయించాడు. కుడితి పోసే పాత రాతి తొట్టి మాత్రం ఎవరు కదిపినా కదలలేదు, అట్లాగే ఉండిపోయింది. నాయనమ్మ రోజూ వచ్చి ఆ తొట్టి అంచు మీద కూర్చునేది. నా వైపు చూసేది కాదు, నాతో మాట్లాడేదీ కాదు.

ఒకరోజు నేను పాళెంలో పడి కొట్టుకుంటుండగా వెనకనుంచి మాట వినిపించింది.

"పొద్దటిసంది రాళ్లు మోస్తనే ఉన్నయి. నీళ్లు తాపినవా వాటికి?"

ఆట గీసినవాడు వాటిని ఎద్దులనుకున్నాడో దున్నలనుకున్నాడో వాడికే తెలియాలి, నాయనమ్మకు మాత్రం అవి బర్లే. అవి బొమ్మలు నాయనమ్మా అన్నాను. "బొమ్మలైతె ఏంది, నడుస్తున్నయి గద," అంది. నిజం చెప్పాలంటే ఆ ఆటలో పశువులకు నీళ్లు తాపే నియమమే లేదు, తాపినా ఒకటే తాపకపోయినా ఒకటే. అయినా ఆమె రెండు నెలల తర్వాత నోరు తెరిచి అడిగింది కదా అని నాలుగింటినీ వాగు ఒడ్డుకు తోలాను. అక్కడికి పోయి తలలు వంచి నిలబడ్డాయి. నాయనమ్మ పెద్ద ఊపిరి వదిలి, లేచి లోపలికి పోయి, అన్నం పెట్టమని అమ్మను అడిగింది. మా ఇంట్లో పశువులు తాగకముందు మనుషులు కంచం ముందు కూర్చునేది లేదు, ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి అదే కట్టడి. తాపడానికి పశువే లేనప్పుడు ఆమెకు ముద్ద దిగేదెట్లా? ఇంత చిన్న సంగతి మాకెవ్వరికీ తట్టలేదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

ఇక రోజూ అదే పని. నేను ఆట తెరవాలి, ఆమె తొట్టి మీద కూర్చుని చూడాలి, నీళ్లకు తోలాక భోజనం. ఆ నాలుగింటికీ పోయిన బర్ల పేర్లే పెట్టింది: చంద్రి, కర్రెది, రాణి, మొండిది. మొండిది అంటే ఆ రాయి వెనక ఇరుక్కునేదే. మా అసలు మొండిది కూడా గల్లీ మలుపు దగ్గర మొరాయించి నిలబడిపోయి, నాయనమ్మ పోయి చెవిలో ఏదో చెబితే గానీ కదిలేది కాదు. ఈటె పట్టిన ఆమెను నాయనమ్మ పటేలమ్మ అనేది, ఇల్లు గాలికి వదిలి అడవులు పట్టి తిరుగుతుందని ఆమె మీద మస్తు కోపం. పాళెం మళ్లీ తగలబడినప్పుడు, అందరిని పటేలమ్మ ఎంబడి పంపితే మంద కాడ ఎవరుంటరే అని నన్ను కసిరింది. ఆమె చెప్పినట్టు నలుగురు సిపాయిలను నీళ్ల దారిలో కాపలా పెట్టాను. అయిదో ఘట్టం ఆరోజే గెలిచాను. నాయనమ్మ గాజులు మెల్లగా మళ్లీ మణికట్టు దగ్గరికి వచ్చాయి.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మా ఇంట్లో పాలక్యాన్లు, పలుపులు, గడ్డి కత్తి అన్నీ పెట్టేవాళ్లం. ఆ ఏడు నాయనమ్మ తనంతట తానే పళ్లెం పట్టుకుని కొట్టంలోకి వచ్చి, మంద ఉన్న పెట్టెకు పూజ చేయాలంది. నాకు సంతోషంతో కాళ్లు నిలవలేదు. ఆమెకు మంద కనిపించాలని ఆరోజు ముట్టకూడని కంప్యూటర్‌ను నేనే ఆన్ చేసి ఉంచాను, తప్పు నాది. పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టింది, పైన ఫ్యాను గాలికి ఆరిపోకుండా దీపానికి చెయ్యి అడ్డం పెట్టింది, తొట్టి అంచుకు కొట్టి కొబ్బరికాయ పగలగొట్టింది. ఏళ్ల తరబడి తొట్టి మీద పోసిన అలవాటుకొద్దీ ఆ నీళ్లను నిండుగా పెట్టె మీద పోసింది. టప్పుమంది. తెర నల్లబడింది, కాలిన వాసన వచ్చింది.

ఏమైందే అని అడిగింది. కరెంటు పోయింది నాయనమ్మా అన్నాను. ఆమె కాసేపు పైకి చూసి, పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

తన చేత్తో పోసిన నీళ్లకే మంద పోయిందని తెలిస్తే ఆమె మళ్లీ కంచం ముందునుంచి లేచిపోతుందని నా భయం. కరెంటు మాట పాతబడ్డాక సర్వీసింగ్ అన్నాను. బాపు స్కూటర్ మీద పెట్టెను రిపేరు భాయ్ దగ్గరికి మోసుకుపోయాడు. అక్కడ పది రోజులు పడుంది. తీసుకురావడానికి నేను వెళితే, కాలిన ముక్క ఒకటి మార్చానని చెప్పి, పెద్ద సంతోషంతో, "పూరా ఫార్మాట్ మార్ దియా బేటీ, ఏక్‌దమ్ నయా హోగయా," అన్నాడు. పుణ్యాత్ముడు, అందులో ఉన్నదంతా తుడిచేసి కొత్తదాన్ని చేశాడట, దానికి పైసా అడగలేదు. పత్రికలన్నీ ఫ్లాపీల్లో దాచుకున్నాను. మందను దాచుకోవాలని తోచలేదు.

నా దగ్గర ఉన్నది సదర్ దాకా గడువు. దీపావళి అయిన రెండో రోజు మా వాళ్లు దున్నలను నూనెతో మెరిపించి, పూలదండలు వేసి, డప్పుల మధ్య ఆడిస్తారు కదా, ఆరోజు మందను చూపించాల్సిందేనని నాయనమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఆట డిస్కు ఎవరి దగ్గరో దొరికించుకుని మొదటినుంచి మొదలుపెట్టాను. పత్రికల పని తొందర ఉందని తలుపు వేసుకుని, ఆమె మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడల్లా కూర్చుని, పటేలమ్మకు మళ్లీ విద్యలు నేర్పించాను, అవే ఇళ్లు అవే చోట కట్టించాను, సిపాయిలను అదే నీళ్లదారిలో నిలబెట్టాను. నాలుగు పశువులు వచ్చాయి. అన్నీ కుదిరాయి గానీ ఏ ఒక్కటీ రాయి వెనకకు పోలేదు. పదిహేనేళ్లు బడికి పోయి చదివిన నేను, ఒక పశువును ఇరికించడానికి మూడు రోజులు తిప్పలు పడ్డాను. కుదరలేదు.

సదర్ నాటి పొద్దున డప్పులు మొదలవకముందే నాయనమ్మ తలస్నానం చేసి వచ్చి తొట్టి మీద కూర్చుంది. ఆట తెరిచాను. నాలుగు పశువులు బుద్ధిగా వరస కట్టి పోతున్నాయి. ఆమె చాలాసేపు చూసింది.

"ఇవి మనయి గావు బిడ్డా," అంది.

ఇక దాచలేకపోయాను. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, నీళ్లు పడి కాలిన సంగతి, ఫార్మాట్ సంగతి, నేను తలుపు వేసుకుని చేసిన సంగతి.

"నాకు దసరానాడే ఎరుకైంది," అంది నాయనమ్మ. "కరెంటు పోతె ఫ్యాను గూడ ఆగాలె గద. నెత్తి మీద గిరగిర తిరుగుతనే ఉండె."

ఇన్ని రోజులూ ఆమె అన్నం మానలేదన్న మాట అప్పుడు తట్టింది. నా భయంలో నేనుండి అది కూడా చూసుకోలేదు.

"ఈ ముసలిదాని కోసం గంత తిప్పల పడుతున్నవని చూస్తనే ఉన్న, నువ్వు బెంగ పడొద్దనే అన్నం తిన్న. పోయినవాటి జాగల వేరేటియి తెచ్చి, అమ్మ ఎట్లన్న మంచిగుండాలె అని మీ బాపు గూడ గిట్లనే పడ్డడేమో. వాని మొకం నేను సూడకపోతి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. తెర వైపు గడ్డం ఊపింది. "ఇవి మనయి గాకున్నా దూప అయితది గద. తోలు నీళ్లకు."

తోలాను. గుండెలమీద ఇరవై రోజులుగా ఉన్న బండ దిగిపోయి, ఆ పొద్దున నాకు పట్టిన ఆకలి మళ్లీ జన్మలో పట్టలేదు. నాయనమ్మ లేచి వాకిట్లోకి పోయింది. బాపు అక్కడ ఇళ్లకు పోయాల్సిన పాలక్యాన్లు స్కూటరుకు కడుతున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆయనతో ఆమె మొదటి మాట, "నన్ను గూడ తోల్కపో కొట్టానికి," అని. బాపు చేతిలోని తాడు వదిలేశాడు. క్యాన్ పడి పాలన్నీ వాకిలంతా పారాయి.

ఆటో కట్టించుకుని అందరం వెళ్లాం. కొత్త బర్లలో మొదటిది నాయనమ్మను దగ్గరికి రానివ్వలేదు, రెండోది తల విసిరింది. సాయంత్రానికల్లా తొట్టి ఎత్తు తక్కువైందని, గడ్డి తడిసిందని, జీతగాడికి చేతకాదని బాపును తిడుతూ కూర్చుంది. తిట్లు పడుతూ బాపు నవ్వుతున్నాడు. ఆ తర్వాత ఆమె తొమ్మిదేళ్లు బతికింది, కడుపునిండా తిని బతికింది. నా ఆటను మళ్లీ అడగలేదు. నేనూ చివరి ఘట్టం దాకా పోలేదు, పటేలమ్మ ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు గౌలిపురలో మా గల్లీలో పేడవాసన లేదు. సదర్‌కు దున్నలు దూరాలనుంచి వ్యాన్లలో దిగుతాయి, పిల్లలు వాటితో ఫోటోలు దిగుతారు. మా అమ్మాయి ఆటలో ఏదీ పోదట. కంప్యూటర్ కాలినా, ఇల్లు మునిగినా, ఎక్కడో దానంతట అదే దాచి ఉంటుందట. విని నిజంగానే నాకు ప్రాణం కుదుటపడింది, నేను పడ్డ ఇరవై రోజుల తిప్పలు అమ్మాయికి రావు. ఇంకో మాట కూడా చెప్పింది. వచ్చే నెల ఆ రాయి దగ్గరి తప్పును సరిచేసి పంపుతారట, ఇక అన్నీ వరసగా నడుస్తాయట. మంచిదే అన్నాను.

అమ్మాయి మాత్రం నా మాట విని దాన్ని తీసెయ్యలేదు. భోజనానికి పిలిచి, కంచాలు పెట్టి, మిగతా మూడింటినీ నీళ్లకు తోలిరమ్మన్నాను. ఎందుకమ్మా, వాటికి దూప ఉండదు కదా అని నవ్వుతూనే తోలింది. ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాక నేను తెర దగ్గరికి వంగి, రాయి వెనక ఉన్నదాని చెవి దగ్గర, నాయనమ్మ ఏం చెప్పేదో నాకు తెలియదు కనుక, వచ్చే నెల దాకా ఉండవే అని మాత్రం చెప్పి వచ్చి కంచం ముందు కూర్చున్నాను.