దేవదానం సారు చదివించిన వీలునామా

మొన్న మా కోడలు బియ్యం డబ్బాలో ఎండు వేపాకు వేస్తుంటే ఆ చేదువాసన నా ముక్కుకు తగిలింది. కడప కోర్టులో పాత కాగితాల కట్ట విప్పినప్పుడు కూడా ఇదే వాసన. పురుగు పట్టకుండా కాగితాల మధ్య వేపాకు పెట్టేవారు. ఆ వాసన వెనకాలే దేవదానం సారు గుర్తుకొచ్చారు. ఆయన మీకెవరికీ తెలియదు. బద్వేలులో మా ఎదురిల్లే వాళ్ళది. కడప కోర్టు రికార్డు గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మా అరుగు మీదికి వచ్చేవారు. "ముప్పై ఏండ్లు చచ్చినోళ్ళతో కాపురం చేసినా లచ్చమ్మా. ఒక్కరు గూడా నాతో కొట్లాడలే" అని నవ్వేవారు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. మా నాన్న పోయాక అమ్మ ఓబులమ్మ నా దగ్గరే ఉండేది. ఆమె పుట్టిల్లు పక్క పల్లెలోనే. పెద్దల అమావాస్యకు అక్కడ ఇంట్లో చనిపోయినవాళ్ళందరి పేరా కొత్తబట్టలు పెట్టి మొక్కేవారు. తన తల్లి సుబ్బమ్మ పేరున ఒక చీర పెట్టాలని అమ్మకు ఏళ్ళనాటి కోరిక. ఇంటికి పెద్ద అయిన ఆమె పెదనాన్న కొడుకు, అంటే మా పెద్దమామ, ఒప్పుకునేవాడు కాదు.

"మొగుణ్ణీ బిడ్డనూ ఇడిసిపెట్టి ఎవుడితోనో పోయినదానికి చీర ఏంటికి ఓబులమ్మా?" అనేవాడు అందరి ముందర.

అమ్మకు మూడేళ్ళప్పటి సంగతి అది; తల్లివని ఆమెకు గుర్తున్నవి ఒక జత పచ్చగాజుల చేతులే. ఆ వెంటనే తాత కూడా పోయాడు. మామ కూడా అప్పటికి పసివాడే, తెలిసిన పెద్దలు ఒక్కరూ మిగల్లేదు. అమ్మ చీర మడిచి తెచ్చుకునేది.

ఒక ఏడు అట్లా తిరిగి వస్తుంటే సారు చూశారు. సంగతంతా విని నన్ను అడిగారు, "మీ తాత వీలునామా రాసినాడా?"

"రాసినాడంట సార్. నకలు మామ దగ్గర ఉండాది. దాంట్లో పొలాల హద్దులు తప్ప ఏం లేవు."

"నకలు రాసుకున్నోడు తనకు కావల్సిందే రాసుకుంటాడు. కోర్టులో ప్రొబేటు అయ్యింటే, అంటే కోర్టు దాన్ని ఖాయం చేసింటే, అసలుది ఆడనే ఉంటాది. దాన్ని చూడల్ల."

దరఖాస్తు ఆయనే రాశారు. ఇద్దరం బస్సెక్కి కడప పోయాము. బంట్రోతు తెచ్చిన కట్టను సారు నా ముందుకు తోశారు.

"నాది మూడో తరగతి చదువు. మీరే చదవండి సార్."

"నేను చదివితే నా మాట అవుతాది. మీ అవ్వ సంగతి నువ్వే చదువు."

చేతికి వచ్చిన పుట తీసి, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. 'నా భార్య సుబ్బమ్మ ఇల్లు విడిచి పోయి తిరిగి రానందున...' కట్ట మూసేశాను. "చాలు సార్. మా అమ్మకు చెప్పొద్దు."

"పైపుట చదవకుండానే మూస్తాండావే!" అని ఆయన వెనక్కి తిప్పారు.

పైపుటలో ఇట్లా ఉంది. 'నా మొదటి భార్య సుబ్బమ్మ నా కుమార్తె ఓబులమ్మను కని, పది నెలలకు జ్వరంతో చనిపోయినది. తరువాత తిమ్మక్కను వివాహమాడి, మా ఇంటి ఆచారం చొప్పున మొదటి భార్య పేరే ఆమెకు పెట్టినాము. ఆమె ఏడాదిన్నర కాపురం చేసి పుట్టింటికి పోయినది.'

మూడుసార్లు చదివాను. మా వైపు రెండో పెళ్ళాం వస్తే చనిపోయిన ఆమె పేరుతోనే పిలిచేవారు, ఆమె గుర్తుగా మెళ్ళో ఒక బిళ్ళ కూడా కట్టేవారు. ఒకే పేరుతో ఇద్దరు తిరిగిన ఇంట్లో, చూసినవాళ్ళు పోయేసరికి ఒక్క సుబ్బమ్మే మిగిలింది. చనిపోయిన మనిషి మీద వెళ్ళిపోయిన మనిషి నింద పడింది. 'ఎవుడితోనో' అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది ఎవరో నోటితో అతికించింది.

కోర్టు ముద్ర వేసిన నకలు తెచ్చి, మరుసటి పెద్దల అమావాస్య నాడు అమ్మతో పోయి పెద్దమామకు ఇచ్చాము. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "మా నాయిన ఈ ముక్క రాసుకోలేదు సూడు" అన్నాడు. కాగితం మడిచి అమ్మ చేతికిచ్చి, "చీర తెచ్చినావా ఓబులమ్మా? పెట్టుపో, మా పిన్నమ్మది ముందర పెట్టు" అన్నాడు.

అమ్మ చీర పెట్టి, కళ్ళొత్తుకుని లేచింది. దారిలో సారును అడిగింది. "మా యమ్మ నాకు పది నెలలప్పుడే పోయిందంటే, నాకు గుర్తుండే ఆ పచ్చగాజుల చేతులు తిమ్మక్కవే కదా సారూ? ఆ యమ్మ ఏంటికి పోయింది?"

"ఆ కాగితం యాడుండాదో నాకు తెల్దమ్మా" అన్నారాయన. ముప్పై ఏళ్ళ రికార్డు మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ తెగలేదు. ఇంకొకరి పేరు, ఇంకొకరి బిళ్ళ, ఇంకొకరి బిడ్డ. వాటి మధ్య తిమ్మక్కను తిమ్మక్కా అని పిలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా? అందుకే మా ఇంటికి కొత్తకోడలు ఎవరు వచ్చినా, కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే అడుగుతాను, "మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తాది తల్లీ?" అని. ఆ పేరుతోనే అన్నానికి పిలుస్తాను.