పాటలో భీమే చోటు

ఛత్తీస్‌గఢ్ అంచున కోంటాలో బట్టలు కుట్టే ఎస్తేరమ్మకు వాళ్ళమ్మ ఇచ్చి వెళ్ళింది ఒక్క పాట. గుంటూరు వైపు వాళ్ళ పల్లెలో ఉన్నవి గుప్పెడు యూదు కుటుంబాలు. ప్రార్థన మాటలు పుస్తకంలో ఉండేవి, రాగం మాత్రం ఉండేది కాదు. ఆమె తల్లి నాట్లకు పోయిన చోట బురదలోంచి ఒక రాగాన్ని నారుకట్టలా ఎత్తి తెచ్చి, శుక్రవారం పొద్దు వాలాక మొదలయ్యే సబ్బాతు ప్రార్థన మాటలకు కట్టింది. పెళ్ళయి కోంటా వచ్చిన ముప్పై ఏళ్ళలో ఎస్తేరమ్మ ఏ శుక్రవారమూ ఆ పాట మానలేదు.

ఆ సోమవారం ఊరినుంచి పెదనాన్న కొడుకు ఎలియాజరు ఫోన్ చేశాడు. వచ్చే వారం కొత్త ప్రార్థన మందిరం తెరుస్తున్నారట.

"పిన్ని పాట నీకు తప్ప ఎవరికీ రాదమ్మాయ్. పాడి పంపించు. శుక్రవారం సాయంత్రంలోగా అందకపోతే ఫోన్లో దొరికిన రాగం ఒకటుంది, పిల్లలకు అదే నేర్పేస్తా."

గురువారం మధ్యాహ్నం మిషను ఆపి, తలుపు మూసి, ఎస్తేరమ్మ పాడి పంపింది. గంటలో జవాబొచ్చింది.

"ఇదేం పాటమ్మా? మాట మరిచిపోయినట్టు పాదానికోసారి ఆగుతున్నావు. పైగా అడవి పాటల ఊపు. పిన్ని ఇలా పాడలేదు."

ఆమె తన గొంతు తానే విన్నది. నిజమే. ప్రతి పాదం చివరా పాట ఎవరికోసమో గుమ్మంలో నిలబడింది. ఖాళీలు మూసి పాడి చూసింది. అప్పుడది ఆమెకే పరాయి పాటలా తోచింది. అమ్మను ఎక్కడో దారిలో పోగొట్టుకున్నానా అని ఆ రోజు మళ్ళీ మిషను ముట్టలేదు.

శుక్రవారం నాలుగింటికి అడవిలోని కిష్టారం నుంచి భీమే వచ్చి చింతపండు గంప దించింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం సరుకు అమ్మి, మర్నాటి బస్సు దాకా ఈ వసారాలోనే పడుకుంటుంది. భీమే వాళ్ళ దోర్ల తెగ ఆడవాళ్ళలో పాట ఒకరిది కాదు. ఒకరు పాదం అంటే మరొకరు అందుకుని తిరిగి ఇవ్వాలి. కొవ్వొత్తులు వెలిగించి ఎస్తేరమ్మ పాడుతుంటే, ప్రతి పాదం చివరా భీమే "రే రేలా" అని అందుకునేది.

గంప నేలను తాకిన చప్పుడుకు ఎస్తేరమ్మకు తట్టింది. గురువారం తన పాటలో భీమే లేదు.

"భీమే, ఇప్పుడే పాడదాం రా."

"దీపం పెట్టకముందే పాటేంది అక్కా? పొద్దింకా శబరి ఒడ్డున చెట్ల మీదనే ఉంది."

"దీపం పెట్టినంక ఫోన్ ముట్టకూడదే."

"నీ దేవునికి ఫోనంటే గంత భయమా?"

"భయం కాదు. వారానికో రోజు సెలవు."

"మంచిగుంది. ముందు నీళ్ళియ్యి, గొంతుల చింతపండు దుమ్ముంది."

ఇద్దరూ కలిసి పాడిన పాట ఎలియాజరుకు వెళ్ళింది. చెట్ల నీడలు వాకిట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. ఎలియాజరు ఏదో అనబోయాడు. వెనక నుంచి అతని భార్య గొంతు వినబడింది.

"అది మరిచిపోవడం కాదండీ. నాట్లలో అత్తయ్య అక్కడే ఆగేది, మేం ఏలేలో అని అందుకునేవాళ్ళం. మీరు గట్టు దిగితే కదా తెలిసేది."

ఎస్తేరమ్మ భీమే వైపు తిరిగింది. ఆ చోటు భీమే తెచ్చింది కాదు. అమ్మే వదిలి ఉంచింది. భీమే వచ్చి అందులో కూర్చుంది.

"మరి ఆ రేలా మాటేమిటి?" అన్నాడు ఎలియాజరు, కాస్త తగ్గి.

"ఇక్కడున్న మనిషి రేలా అంటది అన్నా. అక్కడున్నవాళ్ళు వాళ్ళకొచ్చింది అంటారు."

ఎలియాజరు భార్యను ఏదో అడిగి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు.

"సరే. పిల్లల్ని రెండు వరుసలుగా నిలబెడతా."

ఆమె ఫోన్ ఆపి సొరుగులో పెట్టింది. కొవ్వొత్తులు వెలిగించింది. మొదటి పాదం పాడి ఆగింది. భీమే నోటినిండా అన్నం ఉంది. తొందరేం లేదని చేత్తో సైగ చేసి, ఎస్తేరమ్మ ఆ ఖాళీలోనే నిలబడింది.