కండెలు ఎవరు చుట్టారు

2014 జూన్‌లో నన్ను తమిళనాడులో, వేలూరులోని ఒక కుటుంబ సలహా కేంద్రంలో సీనియర్ కౌన్సిలర్‌గా వేశారు. అది ఒక చిన్న ధర్మసంస్థ నడిపే కేంద్రం. నాకు పైన ఒక డైరెక్టరమ్మ, కింద ఇద్దరు జూనియర్లు ఉండేవారు. దంపతుల కేసు వస్తే మా పని ఒక క్రమంలో సాగేది. మొదట ఇద్దరి మాటా విడివిడిగా వినాలి. తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి ఒక పూట గమనించాలి. చివర ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. దీన్ని ఉమ్మడి సిట్టింగు అనేవాళ్లం. ఎవరైనా వరుసగా రెండు వాయిదాలకు రాకపోతే ఫైలు మూసేయాలి. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల, ఈ కేసులో నేను ఏ రోజు ఏం రాశానో ఇప్పటికీ చూసుకోగలను.

ఆగస్టులో గోమతి ఒంటరిగా వచ్చింది. ఇరవై ఆరేళ్లు. పుట్టిల్లు నాట్రంపల్లి, కాపురం గుడియాత్తంలో. భర్త దేవరాజు చేతిమగ్గం మీద లుంగీలు నేస్తాడు. ఇద్దరివీ తెలుగు నేత కుటుంబాలే. ఎవరిదో పెళ్లిలో చూసుకుని ఇష్టపడ్డారు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం అతను బస్సెక్కి నాట్రంపల్లి వెళ్లి, వాళ్ల వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా ఆమెతో మాట్లాడేవాడట. పెద్దలు ఒప్పుకున్నారు. పెళ్లయి అప్పటికి ఏడాదిన్నర.

“బస్సెక్కి వచ్చినన్నాళ్లూ అన్ని మాటలు మాట్లాడినోడు, ఒకింట్లో చేరినాక నోరు తెరవడు మేడం. కొట్టడు, తిట్టడు, తాగడు. నాకు జరమొస్తే తలకాడ మాత్ర, చెంబుతో నీళ్లు పెట్టి వీధిలోకి పోయినాడు. నుదురు మీద చెయ్యి పెట్టి చూడలేదు,” అని చెప్పింది. దీపావళి దాకా చూస్తుందట. అప్పటికీ ఇట్లాగే ఉంటే అన్న వచ్చి పుట్టింటికి తీసుకుపోతాడు.

తర్వాతి వారం దేవరాజు వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. భార్య మీద ఒక్క ఫిర్యాదు కూడా చెప్పలేదు. “ఆమె మంచిది మేడం. కానీ పక్కన కూచుంటే నాకు ఇల్లు ఇరుకైనట్టు ఉంటాది. యాడికన్నా పోవాలనిపిస్తాది. పోయినాక, ఎందుకు పోతినా అనిపిస్తాది,” అన్నాడు.

బాల్యం గురించి అడిగాను. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు. తండ్రి అతన్ని మేనమామ ఇంట్లో వదిలి బెంగళూరుకు పనికి పోయాడు. “ఆ ఇంట్లో ఏడిస్తే అన్నం లేదు. ఏడ్వకుంటే పెట్టినారు. నేను దొడ్డ తెలివిగలోడిని, వారంలో నేర్చుకుంటిని,” అని నవ్వాడు. ఆ నవ్వునూ ఫైలులో రాశాను.

మా శిక్షణలో దీన్ని అవాయిడెంట్ అటాచ్‌మెంట్ అనేవారు. ఇలాంటి మనుషులకు ప్రేమ ఉండదని కాదు. ఒకరి అవసరం తమకుందని బయటపెడితే దెబ్బ తగులుతుందని చిన్నప్పుడే నేర్చుకుని ఉంటారు. మనిషి దూరంగా ఉంటే ఆశపడతారు, దగ్గరకు వస్తే వెనక్కి తగ్గుతారు. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

సెప్టెంబరులో గుడియాత్తం వెళ్లాను. ముందు గదిలో మగ్గం గుంట, దాని పక్కన రాట్నం. దేవరాజు నేల మీద కూర్చుని రాట్నంతో కండెలు చుట్టుకుంటున్నాడు. నేసేటప్పుడు అడ్డంగా పోయే నూలును చిన్న గొట్టాలకు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెడతారు, వాటినే కండెలంటారు. గోమతి లోపల వంట చేస్తోంది. పక్కింటి కుప్పమ్మ అవ్వ గడపలో నిలబడి, “ఏమప్పా దేవరాజూ, నీకింకా పెండ్లి కాలేదా? పిల్లని చూసేదా?” అంది.

“చూడవ్వా. నీ మాదిరి నోరు మూయని వాయాడి మాత్రం వద్దు,” అన్నాడతను.

ముగ్గురం నవ్వాం. పొయ్యి దగ్గరున్న గోమతి నవ్వలేదు.

నేను పరదరామి దగ్గర సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఆడవాళ్ల పని మగవాడు చేస్తుంటే మేము దాన్ని సాయం అనుకుంటాం. ఫారంలో ఇలా రాశాను: “భర్త భార్య పనిని పంచుకుంటున్నాడు. ఇరుగుపొరుగుతో సఖ్యత ఉంది. ఆశాజనకం.” ఆ మాట మీద ఆధారపడి, ఉమ్మడి సిట్టింగును అనుకున్నదానికన్నా నెల రోజులు ముందే, సెప్టెంబరు చివర్లో పెట్టాను. డైరెక్టరమ్మ సంతకం చేసింది.

సిట్టింగులో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, భర్త నుంచి నీకేం కావాలో చెప్పమని గోమతిని అడిగాను. ఆమె కొంగు సరిచేసుకుని అతని వైపు తిరిగింది. “కండెలు నన్ను చుట్టనియ్యి. అది చాలు నాకు,” అంది.

ఇంటి పనుల పంపకం గురించి అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు మనసులో మాట చెప్పమన్నాను. తర్వాత దేవరాజు వైపు తిరిగి, ఆమె ముఖం చూసి, ఆమె అంటే ఇష్టమో కాదో చెప్పమన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. అతను వంగి చెప్పులు తొడుక్కున్నాడు. “బస్సుకు టైమైంది మేడం,” అని లేచి వెళ్లిపోయాడు. తర్వాతి రెండు వాయిదాలకూ రాలేదు. దీపావళికి ముందే గోమతి అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోయాడు.

ఫైలు మూసే ఫారం మీద సంతకం పెట్టడానికి ఆమె నవంబరులో వచ్చింది. ఏం రాశారో చదవమంది. తెలుగువాళ్ల ఫైళ్లు నేను తెలుగులోనే రాసేదాన్ని; ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. ఇంటి దగ్గర గమనించినవి చదివి వినిపించాను. ‘పంచుకుంటున్నాడు’ అన్నచోట ఆపింది.

“మీరు మగ్గం ఇండ్లోళ్లు కాదు కదమ్మా,” అంది. “మా ఇండ్లల్లో మొగుడి కండెలు పెండ్లామే చుడతాది. పెండ్లి కానోడు, పెండ్లాం చచ్చినోడు తమవి తామే చుట్టుకుంటారు. నేను వచ్చిన మూడో నెలలో రాట్నం నా చేతిలోంచి తీసుకునె. అవ్వ ఎగతాళి చేసింది దానికే. ఆ పొద్దు ఇక్కడ నేను అడిగినప్పుడు ఆయన తలెత్తినాడు. ఏమో చెప్పబోయె. మీరు వేరే ప్రశ్న వేస్తిరి.”

ఆ రోజు డైరీలో ఆమె మాటలే రాసుకున్నాను.

ఫైలు మూసినా, డైరెక్టరమ్మ అనుమతితో మర్నాడు గుడియాత్తం వెళ్లి దేవరాజును కలిశాను. ఆ రోజు ఏం చెప్పబోయాడని అడిగాను. “సరి, చుట్టు అందామనుకొంటిని,” అన్నాడు. అంతకుముందు మూడు ఆదివారాలూ బస్సెక్కి నాట్రంపల్లి పోయి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడట. నాట్రంపల్లికి ఫోన్ చేసి, అతనన్న మాట గోమతికి చెప్పాను. “ఆయన వచ్చింది తెలుసు. కిటికీలోంచి చూసినా. దూరంగా ఉంటేనే ఇష్టపడేవాడికి పెండ్లాం ఎందుకమ్మా?” అంది. మరుసటి సంవత్సరం ఇద్దరూ ఒప్పుకుని విడిపోయారు.

తర్వాత ఉద్యోగంలో ఉన్న ఆరేళ్లూ రెండు పద్ధతులు పాటించాను. ఇంటికి వెళ్లినప్పుడు ఎవరు ఏ పని చేస్తున్నారన్నది రాసి ఊరుకోక, అది ఇంతకుముందు ఎవరి పని, ఎప్పుడు చేయి మారిందని ఆ ఇంటివాళ్లనే అడిగాను. సాయం చేయడమూ, ఒకరి అవసరం లేకుండా చేసుకోవడమూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండోది, దగ్గరితనానికి భయపడే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రేమ ఉందా అని నిలదీయలేదు. అలాంటివాళ్లు చిన్న పనికి ఒప్పుకోగలరు, పెద్ద మాట చెప్పలేరు. ఎదుటివాళ్లు ఆ చిన్నపని అడిగినప్పుడు, కౌన్సిలర్ నోరు మూసుకుని జవాబు వచ్చేదాకా ఆగాలి.